విత్తన వికిరణం: కిరణాలతో కొత్త వంగడాలు

విత్తనాల మీదికి ఎక్స్ కిరణాలు, గామా కిరణాలు, న్యూట్రాన్లు వంటివాటిని పంపి జన్యువుల్లో మార్పులు తెప్పించి, ఆ మార్పుల్లో పనికొచ్చేదాన్ని ఏరి కొత్త వంగడంగా నిలబెట్టే పద్ధతిని వికిరణ ప్రజననం అంటారు. అలా వచ్చే జన్యు మార్పును శాస్త్ర పరిభాషలో ఉత్పరివర్తనం అంటారు. ప్రకృతిలో ఈ మార్పులు వాటంతటవే జరుగుతుంటాయి. వరి, జొన్న, కంది ఇన్ని రకాలుగా చీలడానికి మూలం అవే. కాకపోతే చాలా అరుదు. అంత అరుదైన పనిని కిరణాలు కాసేపట్లో వేల గింజల్లో జరిపిస్తాయి. ఏ గింజలో ఏ మార్పు వస్తుందో ముందుగా చెప్పడం మాత్రం ఎవరి తరమూ కాదు. అందుకే ఈ పద్ధతిలో కిరణాల పని ఒక పూటలో ముగుస్తుంది, ఏరే పని ఎనిమిది, పదేళ్లు సాగుతుంది.

ఈ పద్ధతి మెట్ట రైతుకు ఏమిచ్చిందో చూడటానికి ఒక ఊరిని తీసుకుందాం. సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ డివిజన్‌లో, కర్ణాటక, మహారాష్ట్ర సరిహద్దులకు దగ్గరగా, మంజీర పరీవాహకంలో ఉంది మనూర్. కంది, పెసర, మినుము, సోయా, పత్తి వేసుకుని వాన కోసం ఎదురుచూసే సేద్యం ఈ ప్రాంతానిది. ఇలాంటి చోట కొత్త విత్తనం పేరెత్తితే ‘ఎన్ని క్వింటాళ్లు?’ అనే ప్రశ్న వచ్చేలోపే ‘ఎన్ని దినాల పంట?’ అనే ప్రశ్న వస్తుంది. నైరుతి వానలు తగ్గాక నేలలో మిగిలిన పదును ఎన్నాళ్లు నిలిస్తే అన్నాళ్లే పంట. దక్కన్ మెట్ట సేద్యానికి విత్తన వికిరణం వల్ల ఒరిగినదేమిటని లెక్క తీస్తే, మొదట కనిపించేది ఈ దినాల ఆదాయే. దానికి మంచి ఉదాహరణ హైదరాబాద్‌లోనే పుట్టింది.

అరుణ ఆముదం

నిజాం కాలం నుంచీ నల్లగొండ, మహబూబ్‌నగర్ చెలకల్లో ఆముదం పేరున్న పంట. హైదరాబాద్ రాజ్యం ఆముదపు గింజల ఎగుమతికి ప్రసిద్ధి. అప్పట్లో వేసిన రకాలు ఏపుగా పెరిగి, కొమ్మకు కొమ్మ వేస్తూ, గెల తర్వాత గెల విడుస్తూ నెలల తరబడి నిలబడేవి. హెచ్.సి-6 అనే రకానికి సుమారు 270 రోజులు పట్టేది. జూన్ నడుమ విత్తితే మార్చి నడుమ దాకా చేను ఖాళీ కాదు. వానలు పోయాక అయిదు నెలలు ఆ చెట్టు నేల అడుగు తడితోనే బతకాలి. చివరి గెలలు తాలు పోయేది అందుకే.

రాజేంద్రనగర్‌లోని నూనెగింజల పరిశోధకులు ఈ హెచ్.సి-6 గింజల మీద వికిరణం ప్రయోగించారు. ఆముదంపై వేగపు న్యూట్రాన్లు, గామా కిరణాలు చూపిన ప్రభావం గురించి అంకినీడు, శర్మ, కులకర్ణి 1968లో ఒక పరిశోధన పత్రం ప్రకటించారు. థర్మల్ న్యూట్రాన్లతో అదే హెచ్.సి-6 నుంచి వచ్చిన ఒక ఉత్పరివర్తనాన్ని ఏరి స్థిరపరిచి 1960ల చివర ‘అరుణ’ పేరుతో విడుదల చేశారు. దాని కాలం సుమారు 120 రోజులు. అంటే ఒక్క మార్పుల మూటతో 150 రోజులు కలిసొచ్చాయి. జూన్ నడుమ విత్తితే అక్టోబర్ నడుమకు గెల చేతికొస్తుంది. మన దేశపు వృక్ష ప్రజననం పాఠ్యపుస్తకాల్లో ఉత్పరివర్తన వంగడాల అధ్యాయం వచ్చిందంటే అరుణ పేరు లేకుండా ఉండదు. తెలుగు నేల నుంచి ఆ అధ్యాయంలోకి ఎక్కిన పేర్లు ఎక్కువ లేవు, కనుక దీని గురించి కాస్త నిలబడి చూడాలి.

ఆముదపు గెలను దగ్గరగా చూస్తే ఈ పని ఎంత చిక్కైనదో అర్థమవుతుంది. గెల పై భాగంలో ఎర్రటి కీలాగ్రాలతో ఆడ పూలు, కింది భాగంలో పసుపుపచ్చ కేసరాలతో మగ పూలు ఉంటాయి. గాలికి పుప్పొడి చేను చేనంతా తిరుగుతుంది. వడ్లలోనో పల్లిలోనో అయితే మొక్క తన పుప్పొడితో తానే ఫలదీకరణం చెందుతుంది కనుక వచ్చిన మార్పు చెదరదు. ఆముదంలో మంచి మొక్క కనబడగానే గెల విచ్చకముందే కాగితపు సంచి తొడగాలి. లేదంటే పక్క సాలు పుప్పొడి వచ్చి పడి, మరుసటి ఏడు ఆ మొక్క పిల్లల్లో తల్లి లక్షణం వెతుక్కోవాల్సి వస్తుంది. అరుణ విత్తనం స్వచ్ఛంగా నిలబెట్టడానికి కూడా చుట్టూ దూరం పాటించక తప్పదు.

అరుణతో ఆముదపు కథ సుఖాంతం కాలేదు. అదే 1968లో గుజరాత్ నుంచి జి.సి.హెచ్-3 అనే సంకర ఆముదం వచ్చింది. తర్వాత జి.ఎ.యు.సి.హెచ్-1 వంటివి వరస కట్టాయి. నీటి వసతి, సంకర విత్తనం తోడై గుజరాత్ పంట ఎక్కడికో వెళ్లిపోయింది. నేడు దేశంలో పండే ఆముదంలో అత్యధిక భాగం ఆ రాష్ట్రానిదే. తెలంగాణ చెలకలు ఆముదం వదిలి పత్తికి మళ్లాయి. ఇంకో చిక్కు వాతావరణానిది: సెప్టెంబర్, అక్టోబర్ ముసురుల్లో గెల బయట ఉంటే బూజు తెగులు పట్టి కుళ్లిపోతుంది. తొందరగా గెల వేయడం ఒక్కోసారి ఆ ముసురుకు ఎదురెళ్లడమే. మిగిలిన రోజులు మేలే చేశాయి, కానీ రోజులు ఒక్కటే పంటను నిలబెట్టలేవు. పాలెం పరిశోధన స్థానం నుంచి తర్వాత క్రాంతి, హరిత వంటి ఆముదాలు వచ్చాయి. అవి వేరే దారిలో వచ్చినవి.

గింజలో ఏం జరుగుతుంది

గామా కిరణాలకు వాడే మూలం కోబాల్ట్-60. సీసపు గోడల మధ్య మందపాటి పీపాలా ఉండే గామా ఛాంబర్‌లో అది ఉంటుంది. గింజలను కాగితపు కవర్లలో పోసి, పైన రకం పేరు, మోతాదు రాసి, లోపలి గదిలో పెట్టి కిందికి దింపుతారు. నిర్ణయించిన సమయం కాగానే గది పైకి వస్తుంది. చేతిలోకి వచ్చిన గింజను చూస్తే ఏ మార్పూ కనబడదు. రంగు మారదు, వేడెక్కదు, వాసన రాదు.

మోతాదును గ్రేలలో కొలుస్తారు. కిలో పదార్థం ఒక జౌల్ శక్తిని పీల్చుకుంటే అది ఒక గ్రే. మనిషి ఒంటినిండా ఒకేసారి నాలుగైదు గ్రేలు తగిలితే, వైద్యం లేకపోతే, సగం మంది బతకరు. ఎండిన వేరుశెనగ గింజ 200 గ్రేలు తిని కూడా మొలుస్తుంది. నిద్రలో ఉన్న పిండంలో కణ విభజన జరగకపోవడం, నీరు తక్కువగా ఉండటం దీనికి కారణాలు. వడ్లకు సాధారణంగా 150 నుంచి 350 గ్రేల మధ్య వాడతారు. పెసర, మినుములు ఇంకా మొండివి, 400 దాటినా తట్టుకుంటాయి. కోబాల్ట్ అర్ధాయువు 5.27 ఏళ్లు. ఇవాళ పది నిమిషాల్లో ఇచ్చే మోతాదుకు అయిదేళ్ల చిల్లర తర్వాత అదే యంత్రంలో ఇరవై నిమిషాలు పడుతుంది. ఛాంబర్ గోడకు అంటించిన పట్టికను ఎప్పటికప్పుడు దిద్దుకోకపోతే ప్రయోగం మొత్తం తప్పుతుంది.

కిరణం కణంలోకి దూసుకుపోయినప్పుడు ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది. కొంత దెబ్బ నేరుగా డీఎన్‌ఏకు తగులుతుంది. కొంత, కణంలోని నీటి అణువులు చీలి పుట్టే చురుకైన ముక్కల ద్వారా తగులుతుంది. అందుకే గింజలో తేమ ఎంతుందన్నది ఫలితాన్ని మార్చేస్తుంది. ప్రయోగానికి ముందు గింజల తేమను 12 నుంచి 14 శాతం మధ్యకు తెస్తారు. డీఎన్‌ఏ తంతువులు రెండూ ఒకే చోట తెగితే కణం వాటిని అతుక్కోవడానికి ప్రయత్నిస్తుంది. ఆ అతుకులో ఓ ముక్క జారిపోవచ్చు, తిరగబడవచ్చు, వేరే చోట అంటుకోవచ్చు. న్యూట్రాన్లు గామా కన్నా మొరటువి, దగ్గర దగ్గరగా గట్టి దెబ్బలు కొడతాయి కాబట్టి పెద్ద ముక్కలే పోతాయి. జన్యువుల్లో ‘ఉన్నది పోవడం’ ఎక్కువ, ‘లేనిది రావడం’ తక్కువ. పోవడం కూడా ఒక్కోసారి లాభమే. మొక్క పొడవును పెంచే జన్యువు చెడితే మొక్క పొట్టిదవుతుంది, పొట్టి మొక్క గాలికి పడిపోదు. పూతను ఆలస్యం చేసే జన్యువు చెడితే పూత ముందుకొస్తుంది.

మడిలో

కిరణం తగిలిన గింజలు మొలిచిన తొలి తరాన్ని ఎం-1 అంటారు. ఈ మడిని చూస్తే కొత్తగా చేరినవాళ్లకు నీరసం వస్తుంది. కొన్ని మొలవవు, మొలిచినవి గిడసబారి ఉంటాయి, ఆకులు ముడుచుకుంటాయి, సగం కంకులు తాలు. ఇవన్నీ దెబ్బ తాలూకు గుర్తులే గానీ వారసత్వంగా వచ్చేవి కావు. పైగా గింజలోని పిండంలో ఒకటికి మించి కణాల నుంచి కొమ్మలు పుడతాయి కాబట్టి, ఒకే మొక్కలో ఒక పిలకకు మార్పు ఉండి పక్క పిలకకు లేకపోవచ్చు. కాబట్టి ఎం-1లో ఏరడం అనేది ఉండదు. కోసిన గింజలను మొక్క వారీగా, వీలైతే కంకి వారీగా, విడివిడి కవర్లలో దాచుకోవడమే పని.

అసలు వేట ఎం-2లో. మార్పుల్లో ఎక్కువ భాగం అంతర్గత లక్షణాలు. జన్యువు రెండు ప్రతుల్లోనూ మారితేనే పైకి కనబడతాయి, ఆ జత కుదిరేది రెండో తరంలోనే. వెయ్యి ఎం-1 మొక్కల నుంచి తలా 30 గింజలు తీస్తే 30 వేల మొక్కలు. ఒక్కో తల్లి పిల్లలను ఒక్కో సాలులో వేస్తారు, పది సాళ్లకొకటి మార్పు చేయని తల్లి రకం వేస్తారు. విత్తిన వారం పది రోజులకు మడి గట్టు మీద నిలబడితే మొదట కనిపించేవి తెల్ల మొలకలు. పత్రహరితం తయారు చేసుకోలేక పాలలా తెల్లగా, లేదా పసుపుపచ్చగా వచ్చిన మొలకలు గింజలోని పిండి అయిపోయేదాకా ఆకో రెండో వేసి చచ్చిపోతాయి. వాటి వల్ల ఏ ఉపయోగమూ లేదు. అయినా మడిలో వాటిని లెక్కబెట్టి పుస్తకంలో రాసుకుంటారు, ఎందుకంటే కిరణం పనిచేసిందనడానికి అవే తొలి సాక్ష్యం. తెల్ల మొలకే లేని మడిలో మంచి మార్పు కోసం వెతకడం వృథా శ్రమ.

ఆ తర్వాత రోజూ తెల్లవారి సాళ్ల మధ్య నడకే. పక్క మొక్కలు ఇంకా మొగ్గ తొడగకముందే పూసినది ఒకటి, కణుపుల మధ్య దూరం తగ్గినది ఒకటి, బూడిద తెగులు అందరికీ పట్టినా ఆకు నున్నగా ఉన్నది ఒకటి. దానికి రంగు దారం కట్టి, సాలు సంఖ్య, మొక్క సంఖ్య రాసి వస్తారు. అలా కట్టిన దారాల్లో ఎక్కువ శాతం మరుసటి ఏడు తప్పని తేలుతుంది. ఎరువు కుప్ప పక్కన పడిన మొక్కో, చెద తగలని మొక్కో మోసం చేసి ఉంటుంది. నిజంగా నిలిచినదాన్ని ఎం-3లో, ఎం-4లో సాళ్లుగా పెంచి, దిగుబడి పరీక్షలు పెట్టి, పరిశోధన స్థానాల్లో, అఖిల భారత సమన్వయ పరీక్షల్లో, రైతుల చేలలో చిన్న విత్తన పొట్లాలుగా (మినీకిట్లు) వేయించి చూసి, చివరికి నోటిఫై చేస్తారు. సమయమంతా తినేది ఈ వరసే. కిరణం ఇచ్చిన గింజనే నేరుగా రైతుకు అమ్మడం అనే మాట ఎక్కడైనా వినబడితే అది మోసమని తేలిగ్గా గుర్తించవచ్చు. ఎం-1 చేను ఎవరికీ కడుపు నింపదు.

ముల్లర్ నుంచి శర్బతీ సోనోరా దాకా

ఎక్స్ కిరణాలతో ఉత్పరివర్తనాలు తెప్పించవచ్చని 1927లో హెచ్.జె. ముల్లర్ పండు ఈగల్లో చూపించాడు. దానికి 1946లో నోబెల్ వచ్చింది. 1928లో లూయిస్ స్టాడ్లర్ బార్లీలో, మొక్కజొన్నలో అదే సంగతి రుజువు చేశాడు. తమాషా ఏమిటంటే, కిరణాలతో వచ్చేవి చాలావరకు జన్యు లోపాలేనని, వాటితో పంటల అభివృద్ధి పెద్దగా సాగదని స్టాడ్లర్ స్వయంగా అనుమానించాడు. స్వీడన్ వాళ్లు ఆ అనుమానాన్ని లెక్కచేయకుండా బార్లీ మీద దశాబ్దాలు పనిచేశారు. వ్యాపారానికి వచ్చిన తొలి ఉత్పరివర్తన వంగడం 1930ల్లో ఇండోనేసియాలో విడుదలైన ‘క్లోరినా’ పొగాకు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అణుశక్తిని శాంతి పనులకు వాడాలన్న ఊపులో ఈ పద్ధతి దేశదేశాలకూ పాకింది. 1964లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కలిసి ఒక ఉమ్మడి విభాగం పెట్టాయి. వాళ్ల జాబితాలో నేడు 3,300కు మించిన ఉత్పరివర్తన వంగడాలున్నాయి. జపాన్‌లో వంద మీటర్ల వ్యాసార్ధంతో గుండ్రటి పొలం చేసి నడుమ కోబాల్ట్ పెట్టి చుట్టూ మొక్కలు పెంచారు. నల్లమచ్చ తెగులు తట్టుకునే ‘గోల్డ్ నిజిస్సేకి’ బేరి పండు అక్కడిదే. స్కాట్లాండ్ విస్కీకి వాడిన ‘గోల్డెన్ ప్రామిస్’ బార్లీ, టెక్సాస్ ‘రియో రెడ్’ గ్రేప్‌ఫ్రూట్ కూడా ఈ కోవలోవే. కాలిఫోర్నియాలో 1976లో వచ్చిన ‘కాల్‌రోజ్ 76’ పొట్టి వరి కథ ఇంకా ఆసక్తికరం: అక్కడ కిరణాలు తెచ్చిన పొట్టితనం, ఐ.ఆర్-8 అనే వరికి తైవాన్ నాటు వరి నుంచి వచ్చిన పొట్టితనం ఒకే జన్యువులోని మార్పులని తేలింది. ప్రకృతి ఒకసారి వేసిన పాచికనే యంత్రం మళ్లీ వేసిందన్నమాట.

మన దేశంలో బాగా పేరు పడిన తొలి ఉదాహరణ శర్బతీ సోనోరా గోధుమ. మెక్సికో నుంచి వచ్చిన సోనోరా-64 గింజ ఎర్రగా ఉండటంతో రొట్టె రంగు ఉత్తరాది వాళ్లకు నచ్చలేదు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ఎం.ఎస్. స్వామినాథన్ బృందం గామా కిరణాలతో దాన్ని బంగారు రంగులోకి తెచ్చి 1967లో విడుదల చేసింది. రంగు మారిన మాట నిజం. అదే గోధుమలో లైసిన్ అనే అమైనో ఆమ్లం బాగా పెరిగిందన్న ప్రచారం మాత్రం తర్వాతి పరీక్షల్లో నిలబడలేదు, 1970ల్లో దానిమీద పెద్ద రచ్చే జరిగింది. ఈ రంగంలో అత్యుత్సాహం ఎలా దెబ్బతీస్తుందో తెలుసుకోవడానికి ఆ ఉదంతాన్ని దాచకుండా చెప్పుకోవడమే మంచిది.

ట్రాంబే పల్లి, ట్రాంబే మినుము

భారతదేశపు తొలి అణు రియాక్టర్ అప్సర 1956 ఆగస్టు 4న ముంబయి దగ్గర ట్రాంబేలో పని మొదలుపెట్టింది. అక్కడి అణుశక్తి సంస్థకు 1967లో భాభా అణు పరిశోధన కేంద్రం అని పేరు మార్చారు. బాంబులూ కరెంటూ తప్ప అక్కడ ఇంకేమీ ఉండదనుకునేవాళ్లకు ఆశ్చర్యంగా ఉంటుంది గానీ, ఆ కేంద్రం నుంచి ఇప్పటికి 60కి పైగా పంట వంగడాలు విడుదలయ్యాయి. వాటిలో పల్లి, పప్పుధాన్యాలే ఎక్కువ.

పల్లిని ఎంచుకోవడంలో తెలివి ఉంది. ఈ పంట పుట్టుకలోనే జన్యు వైవిధ్యం తక్కువ. దక్షిణ అమెరికాలో రెండు అడవి జాతులు ఎప్పుడో కలిసి పుట్టిన ఒకే మూలం నుంచి సాగు పల్లి అంతా వచ్చింది. సహజంగా దొరకని తేడాలను కిరణాలతో తెచ్చుకోవడంలో అర్థం ఉంది. ‘స్పానిష్ ఇంప్రూవ్డ్’ రకం మీద ఎక్స్ కిరణాలు ప్రయోగించి, పెద్ద గింజల టి.జి-1ను ‘విక్రమ్’ పేరుతో 1973లో విడుదల చేశారు. అక్కడితో ఆగకుండా, వచ్చిన ఉత్పరివర్తనాలను ఒకదానితో ఒకటి సంకరం చేస్తూ పోయారు. అలా టి.జి.ఎస్-2, టి.జి.ఇ-1 కలయికలో పుట్టి 1991లో విడుదలైన టి.ఎ.జి-24 పల్లి రైతుల నోట బాగా నానింది. మొక్క పొట్టిది, ఆకుకు పోయే సత్తువ తగ్గి కాయకు పోతుంది. తెలంగాణలో పాలమూరు యాసంగి పల్లి మళ్లలోనూ దీన్ని వేశారు. ఉత్పరివర్తనాన్ని నేరుగా విడుదల చేయడం కన్నా తల్లిగానో తండ్రిగానో వాడుకోవడమే ఎక్కువ లాభమన్న పాఠం ఈ పల్లి నేర్పింది.

మినుములో టి.ఎ.యు-1ది అదే దారి. అందరికీ తెలిసిన టి-9 మినుమును యు.ఎం-196 అనే ఉత్పరివర్తనంతో కలిపి, పెద్ద గింజల టి.ఎ.యు-1ను 1985లో మహారాష్ట్రకు ఇచ్చారు. ఆ రాష్ట్రపు మినుము సాగులో చాలా ఏళ్లు దానిదే రాజ్యం. మనూర్‌కు మరాఠ్వాడా పొరుగే, అంగడి, వియ్యం ఎటు సాగితే విత్తనమూ అటే సాగుతుంది. దక్షిణాది రాష్ట్రాలకు టి.యు 94-2 మినుము 1999లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌కైతే 2007లో టి.ఎం 96-2 పెసర విడుదలై ‘ట్రాంబే పెసర’ అని తెలుగు పేరే తెచ్చుకుంది. వరి కోసిన మాగాణిలో మిగిలిన పదునుతో చలికాలం వేసే పెసరకు బూడిద తెగులు పెద్ద శత్రువు. ఆ తెగులును తట్టుకోవడమే ఈ రకం గొప్ప. గింజ కాకుండా దుంప నాటే పంటల్లోనూ ఇదే పద్ధతి వాడారు. తమిళనాడులోని భవానీసాగర్ నుంచి వచ్చిన బి.ఎస్.ఆర్-1 పసుపు ఎక్స్ కిరణాలు తగిలిన ఈరోడ్ కొమ్ముల సంతతే.

కంది సంగతి

నారాయణఖేడ్ వైపు నల్లరేగడికి కంది తర్వాతే ఏ పంటైనా. మరి కందిలో కిరణాలు ఏం చేశాయి? నిజం చెప్పాలంటే పల్లిలో చేసినంత చేయలేదు. దానికి కారణం ఇదే జిల్లాలో, పటాన్‌చెరులో ఉంది. 1972లో మొదలైన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ జన్యు బ్యాంకులో 13 వేలకు పైగా కంది నమూనాలున్నాయి. కందికి పుట్టిల్లు మన దేశమే కనుక వైవిధ్యం ఇక్కడే గుట్టలుగా పడి ఉంది. ఎండు తెగులుకూ వెర్రి తెగులుకూ తట్టుకునే ‘ఆశ’ కంది, అంటే ఐ.సి.పి.ఎల్-87119, 1993లో ఆ వైవిధ్యంలోంచి సంకరంతో వచ్చిందే. ఇంట్లో ధాన్యం ఉండగా అప్పుకు పోవడం ఎందుకని ప్రజననకారులు అనుకోవడంలో తప్పులేదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు గాదెల్లో, బుట్టల్లో నాటు విత్తనాలు కాపాడుతూ వచ్చారు. మార్పు కోసం వెతికేవాడు ముందు వాళ్ల బుట్టలు చూసి ఆ తర్వాత కోబాల్ట్ దగ్గరికి వెళ్లాలని నా అభిప్రాయం.

అయినా కందిలో రెండు దారులూ ఒకచోట కలిశాయి. ట్రాంబేలో టి-21 అనే తక్కువ కాలపు కంది మీద వేగపు న్యూట్రాన్లు పంపి పెద్ద గింజల టి.టి-6ను తీశారు. ‘ట్రాంబే విశాఖ-1’ పేరుతో 1983లో అది విడుదలైంది. ఆ టి.టి-6ను పటాన్‌చెరు కంది ఐ.సి.పి.ఎల్-84008తో కలిపితే వచ్చినది టి.జె.టి-501. మధ్య భారతానికి 2009లో ఇచ్చారు. సంగారెడ్డి జిల్లా మడిలోని కంది, ముంబయి రియాక్టర్ కంది వియ్యమందాయి.

కంది కూడా పూర్తిగా ఆత్మ పరాగ సంపర్కపు పంట కాదు. తేనెటీగలు వాలి పుప్పొడి కలుపుతాయి. అందువల్ల ఉత్పరివర్తనాన్ని ఏరిన మొక్కకు దోమతెర కట్టకపోతే ఆముదంలో చెప్పుకున్న కష్టమే ఇక్కడా.

రేడియేషన్ భయం, చట్టం

కిరణం తగిలిన గింజ నుంచి రేడియేషన్ వస్తుందా అని ఎక్కువమంది అడుగుతారు. రాదు. ఎండలో పెట్టిన వడ్లు ఎండను బయటకు వదలనట్టే, గామా కిరణాలు తగిలిన గింజ గామాను వదలదు. న్యూట్రాన్లు మాత్రం గింజలోని కొన్ని పరమాణువులను కొద్దికాలం రేడియోధార్మికంగా మార్చగలవు. అది ఆ గింజతోనే తగ్గిపోతుంది, పదో తరం పంటకు ఆ ఊసే ఉండదు. ఉల్లి, ఆలుగడ్డ మొలకెత్తకుండా ఇచ్చే వికిరణం వేరే సంగతి. అక్కడ మొలకను ఆపడమే ఉద్దేశం, ఇక్కడ మొలిచినదాన్ని మార్చడం.

బయటి జీవి నుంచి జన్యువును తెచ్చి పెట్టరు గనుక ఇవి మన చట్టం ప్రకారం జన్యు మార్పిడి పంటలు కావు. బీటీ పత్తికి అవసరమైన అనుమతులు వీటికి అక్కర్లేదు, మామూలు వంగడాల్లాగే నోటిఫై అవుతాయి. ఐరోపా న్యాయస్థానం 2018 జులై 25న ఉత్పరివర్తనంతో వచ్చిన పంటలన్నీ జన్యు మార్పిడి జీవుల కిందికే వస్తాయని, అయితే దీర్ఘకాలంగా వాడుకలో ఉండి క్షేమమని తేలిన పాత పద్ధతులకు మినహాయింపు ఉందని తీర్పు చెప్పింది. కిరణాలతో వేలచోట్ల గుడ్డిగా కొట్టేదానికి మినహాయింపు ఇచ్చి, ఒక్కచోట చూసి కత్తిరించే కొత్త జన్యు సవరణ పద్ధతిని కట్టడి చేయడం ఏమి తర్కమని శాస్త్రవేత్తలు చాలామంది విసుక్కున్నారు. ఆ విసుగులో న్యాయం ఉంది.

హైదరాబాద్‌లో తర్వాతి అడుగు

కిరణాలకు బదులు రసాయనాలతోనూ ఉత్పరివర్తనాలు తెస్తారు. ఇ.ఎం.ఎస్ అనే రసాయనం డీఎన్‌ఏలో ముక్కలు ఎగరగొట్టకుండా అక్షరం అక్షరంగా మారుస్తుంది. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి సాంబ మసూరి గింజలను ఇ.ఎం.ఎస్‌లో నానబెట్టి వేల ఉత్పరివర్తన వరసలు తయారు చేశాయి. బాపట్ల నుంచి బి.పి.టి-5204గా 1986లో వచ్చిన ఈ సన్నబియ్యం రుచిలో తిరుగులేదు. దుబ్బు గట్టిది కాకపోవడం, పొడ తెగులు, కాండం తొలిచే పురుగు దాని బాధలు. అన్నం గుణం చెడకుండా ఈ లోపాలు సర్దాలంటే సంకరం కన్నా ఉత్పరివర్తనమే నయం, ఎందుకంటే సంకరంలో సగం జన్యువులు కొత్త ఇంటి నుంచి వస్తాయి.

అటుపైన వచ్చినది జన్యు సవరణ. ఎక్కడ తెగాలో ముందే నిర్ణయించి అక్కడే తెంపే పద్ధతి ఇది. బయటి డీఎన్‌ఏ మిగలని సవరణ మొక్కలకు మన ప్రభుత్వం 2022లో జన్యు మార్పిడి నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. 2025 మే 4న రెండు జన్యు సవరణ వరి వంగడాలను ప్రకటించారు. రెండింటి తల్లులూ తెలుగు నేలవే: ఒకటి మారుటేరు కాటన్ దొర సన్నాలు, ఎం.టి.యు-1010. రెండోది సాంబ మసూరి. సాంబ మసూరిని రాజేంద్రనగర్‌లో సవరించగా వచ్చిన డి.ఆర్.ఆర్ ధాన్ 100కు ‘కమల’ అని పేరు పెట్టారు. తల్లి కన్నా సుమారు 20 రోజులు ముందే అది కోతకొస్తుందని ప్రకటించారు.